ట్రూడీ ఇంకా తాగుతూనే ఉంది

ఆ మంగళవారం మధ్యాహ్నం మా అన్నయ్య లాంబెర్ట్ ఒక పలకను మెత్తని గుడ్డతో తుడిచి, తేమపెట్టెలో దాని చోట దాన్ని పెట్టి, తలుపు బిగించి, తన కప్పు కడిగి బోర్లించాడు. గొడుగు తీసుకున్నాడు, కోటు మరిచిపోయాడు. బస్సులోంచి నాకు ఫోన్ చేసి, ఆఖెన్‌లో బస్సు డ్రైవర్లకు బ్రేకు ఎలా తొక్కాలో ఇంతవరకూ ఎవరూ నేర్పలేదని చెప్పాడు. ఇంటికి వెళ్లి రేడియో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడు నేను వెళ్లి చూసేసరికి రేడియో ఒక్కటే మాట్లాడుతోంది. రేపు వాన పడుతుందని చెబుతోంది. జర్మనీ పడమటి అంచున ఉన్న మా ఊళ్లో అదొక వార్త కాదు.

ఆ పలక పేరు ట్రూడీ. అరచేయంత వెడల్పు, బొటనవేలంత మందం. గాజునారను ఎపాక్సీ జిగురులో ముంచి గట్టిపరిస్తే వచ్చే సరుకది. గాలిమరల రెక్కలు దాంతోనే చేస్తారు. చూడ్డానికి రాయిలా ఉంటుంది గాని, గాలిలో తేమ తగిలితే చాలు, చడీచప్పుడు లేకుండా పీల్చుకుంటూ కూర్చుంటుంది. బాగా పీల్చిన రెక్క ఏదో ఒకనాటికి మెత్తబడి పొరలుగా విడిపోతుంది. అందుకని ఇలాంటి పలకల్ని బీరువా అంత పెట్టెలో, ఎప్పుడూ ఉక్కపోసే వేడిలో పెట్టి, అవి ఎంత తేమ తాగుతాయో, ఎప్పటికి తాగడం ఆపుతాయో కనిపెట్టుకుని ఉండటమే విశ్వవిద్యాలయంలో మా అన్నయ్య ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెట్టిన పలకల్లో చివరిదాకా మిగిలింది ట్రూడీ.

ట్రూడీ అసలు మా మేనత్త పేరు. ఆవిడ ఏ ఇంటికి వెళ్లినా కాఫీ వద్దనగా ఎవరూ వినలేదు. నాలుగో కప్పు అయ్యాక, "ఇక చాలు, సగానికి పొయ్యి" అనేది. నిజంగానే సగానికి పోస్తే మొహం ముడుచుకునేది. పలకకు తన పేరు పెట్టారని ఆవిడకు ఎవరో మోసుకెళ్లి చెప్పారు. కోపం తెచ్చుకోలేదు. "అది ఎంత తాగిందటా?" అని మాత్రం అడిగింది.

తాగింది ఎంతో చూడటానికి తక్కెడ చాలదా, తూచాక మళ్లీ అయస్కాంతం మీద పెట్టడం ఎందుకు, అని నేనొక ఆదివారం అన్నయ్యను అడిగాను. చుట్టాలంతా మా ఇంట్లోనే ఉన్నారు.

"ఒడీ, ఇవాళ మీ ఇంటికి ఎంతమంది వచ్చారో ఎలా చెబుతావు?" అన్నాడు. నా పేరు ఒడీలియా.

"లెక్కపెట్టి."

"తక్కెడ చేసేదీ అంతే. ఎంతమంది లోపలికొచ్చారో చెబుతుంది. సోఫాకి అతుక్కుపోయిందెవరో, వంటింట్లో దూరి నీ డబ్బాలు తెరిచి చూస్తున్నదెవరో చెప్పదు కదా. నీళ్లూ అంతేనే. కొన్ని జిగురును పట్టుకుని కదలవు. కొన్ని సందులు వెతుక్కుంటూ తిరుగుతాయి. ఇప్పుడు నేను గుమ్మంలో నిలబడి ‘కేకు ఎవరికి?’ అని అరుస్తాననుకో. తిరిగేవాళ్లు ‘నాకూ, నాకూ’ అని చాలాసేపు గోల పెడతారు. సోఫావాళ్లు నోట్లోది నములుతూ ‘ఊఁ’ అని ఊరుకుంటారు. పలకను అయస్కాంతం మీద పెట్టి, రేడియో తరంగంతో నేను వేసేది ఆ కేకే. ఎవరి జవాబు ఎంతసేపు వినబడిందో దాన్ని బట్టి ఎవరు ఎలా కూర్చున్నారో తెలిసిపోతుంది."

"నాకు కేకు కావాలి," అంది మా మేనత్త వంటింట్లోంచి.

ఆ అయస్కాంతం రెండు ఇటుకలంత ఉంటుంది. ఒకసారి దాన్ని ఇంటికి తెచ్చి ఈస్టర్‌కు వండిన పంది తొడ మీద పెట్టి చూపించాడు. మాంసం ‘నాకూ’ అని ఎంత గట్టిగా అరిచిందో గీతలు చూపించి మరీ మురిసిపోయాడు. నా బ్యాంకు కార్డు మాత్రం ఆ రోజు నుంచి ఏ యంత్రం దగ్గరా నోరు విప్పలేదు.

అన్నయ్య పెళ్లి చేసుకోలేదు. వద్దనుకుని కాదు. ఎవరైనా నచ్చినప్పుడల్లా ఏదో ఒక కొలత మధ్యలో ఉండేది. "ఈ పలక అయిపోనీ" అనేవాడు. పలకలు అయ్యేలోపల ఆ అమ్మాయిలకు పిల్లలు పుట్టేవారు.

రిటైరయ్యే ఏడాదే వాళ్ల విభాగానికి ఇమ్కె ఓల్ట్‌మాన్స్ అనే ప్రొఫెసర్ కొత్తగా వచ్చింది. ఆవిడది ఉత్తరాన సముద్రపు ఒడ్డు. పొద్దున్నైనా సాయంత్రమైనా అక్కడివాళ్లు ‘మొయిన్’ అనే ఒక్క పలకరింపుతో సరిపెట్టుకుంటారు. మా ఆఖెన్‌ వాళ్లకేమో బస్‌స్టాపులో పక్క మనిషి మోకాలి ఆపరేషన్ సంగతి పూర్తిగా వినకుండా బస్సెక్కడం చేతకాదు. వీడ్కోలు రోజున అన్నయ్య అరగంట మాట్లాడి, ఆఖరికి అసలు విషయానికి వచ్చాడు.

"ప్రొఫెసర్ గారూ, నేను వెళ్లాక తేమపెట్టె ఆపేస్తారా?"

"కరెంటు బాగా తింటోంది."

"ట్రూడీ ఇంకా తాగుతోందండీ. ఇన్నేళ్లు ఓపిక పట్టి, మధ్యలో లేపేస్తే ఎలా?"

"ఎప్పుడు ఆపుతుంది?"

"అది చూద్దామనేనండీ నా బాధ."

ఆవిడ తన టీ కప్పు పక్కన పెట్టింది. "సరే. అది తాగినన్నాళ్లు రండి. ఆపిన రోజు లాబ్ తాళం ఇచ్చేయండి."

అలా మంగళవారాలు మొదలయ్యాయి. వెళ్లి పెట్టె తెరవడం, పలకను తుడవడం, తూచడం, అయస్కాంతం మీద పెట్టడం. పది నిమిషాల కొలతకు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టేది. కుర్రకారుతో కాఫీ తాగాలి, వాళ్ల పరిశోధనలో తప్పులు పట్టాలి, తన తప్పులు వాళ్లు పడితే ఉడుక్కోవాలి. ఇంట్లో ఒక కుర్చీ, ఒక రేడియో. మంగళవారం లేకపోతే మిగతా ఆరు రోజులూ దేనికొచ్చాయో అన్నయ్యకు తెలిసేది కాదు. అందుకే ట్రూడీ తాగడం తగ్గించేకొద్దీ అన్నయ్య మొహం చిన్నదయ్యేది. "ఇవాళ సరిగా తాగలేదే," అని ఫోన్‌లో చెప్పేవాడు, పసిబిడ్డ పాలు ముట్టడం లేదని తల్లి బెంగపడ్డట్టు.

ఇక్కడ ప్రింటెన్ సంగతి చెప్పాలి. దాల్చినచెక్క, లవంగం, సోంపు వేసి చక్కెరదుంపల పాకంతో కాల్చే మా ఊరి బిళ్ళలవి. గట్టివి. ముసలివాళ్లున్న ఇళ్లలో డబ్బాలో ఆపిల్ ముక్క పడేసి మూతపెడితే నాలుగు రోజులకు మెత్తబడతాయి. అన్నయ్య పై దవడలో సొంత పళ్లు తక్కువ. అయినా ఆపిల్ పద్ధతి తనకు నచ్చేది కాదు.

"ఆపిల్ ముక్క అంటే అంచనా. తేమపెట్టె అంటే శాస్త్రం," అనేవాడు.

పొద్దున్నే ప్రింటెన్లను పెట్టెలో పై తీగల అర మీద పరిచేవాడు. మధ్యాహ్నానికి మెత్తగా తయారు. కింద అరలో ట్రూడీ. చాలాకాలం ఏ గొడవా లేదు. తర్వాత మేము ఎప్పుడూ కొనే బేకరీ ముసలాయన దుకాణం మూసేశాడు. నేను కొత్తచోట కొని తేవడం మొదలుపెట్టాను. ఆ కొత్త మనిషి చెయ్యి పెద్దది, పాకం ధారాళంగా పోస్తాడు.

కొన్ని వారాల తర్వాత బస్సులోంచి ఫోన్. చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూసి ఉంటారు.

"తాగింది! ఒడీ, తాగిందే!"

"ఎవరు?"

"ట్రూడీ!"

"అన్నయ్యా, అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. ఎక్కడున్నావు? పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఓసి మొద్దూ, పలకే! తక్కెడా అదే చెప్పింది, అయస్కాంతమూ అదే చెప్పింది. మొదట గబగబా తాగుతాయి, తర్వాత నెమ్మదిస్తాయి. పుస్తకాల్లో ఇంతవరకే ఉంది. ఇది మళ్లీ లేచింది! మూడో దశ!"

ఆ నెలంతా మా ఇంట్లో మూడో దశ తప్ప మరో మాట లేదు. అన్నయ్య కొత్త టై కొన్నాడు. విభాగం సెమినార్‌లో మాట్లాడమంటే నన్ను కూడా వెనక వరసలో కూర్చోబెట్టాడు. తెర మీద గీత పడుకుని పడుకుని ఒక్కసారి నిటారుగా లేచింది. ఒక కుర్రాడు చెయ్యెత్తాడు.

"ఈ కొత్త నీళ్లన్నీ పైపైనే ఉన్నాయేమండీ? లోపలికి పోలేదేం?"

"లోపల చోటు లేదు బాబూ. గుమ్మంలో నిలబడ్డారు," అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు. తను ఇంకా ఎక్కువ నవ్వాడు.

ప్రొఫెసర్ ఓల్ట్‌మాన్స్ ఒక్కటే ప్రశ్న వేసింది. "కొలిచే ముందు తుడిచారా?"

"ప్రతిసారీనండీ. ఇన్నేళ్లుగా ఒకటే గుడ్డ, ఒకటే పద్ధతి."

ఆవిడ తలాడించింది. గాలిమర రెక్కలు చేసే ఒక కంపెనీకి ఈ కబురు చేరి, వాళ్ల పెద్దమనిషి ఒకాయన స్వయంగా వస్తానని రాశాడు. తమ రెక్కలన్నీ ఇలాగే మూడోసారి తాగడం మొదలుపెడితే గతేమిటని ఆయనకు నిద్ర పట్టడం లేదట. ఇక తేమపెట్టెను ఆపే మాటే ఎవరూ ఎత్తలేదు.

ఆ పెద్దమనిషి రావడానికి వారం ముందు, మంగళవారం, ఎడతెరిపి లేని వాన. అన్నయ్య గొడుగు మా ఇంట్లో వదిలేసి వెళ్లాడని తీసుకుని లాబ్‌కు వెళ్లాను. మా పొట్టికాళ్ల కుక్క పుమ్మెల్‌ను వానలో బయట కట్టేయడానికి మనసొప్పలేదు. కుక్కలకు ప్రవేశం లేదన్న బోర్డు పక్కనుంచే దాన్ని కోటు కింద దాచి లోపలికి తీసుకెళ్లాను.

అన్నయ్య అయస్కాంతాన్ని సర్దుకుంటూ, ట్రూడీని ఒక పొట్టి చెక్క స్టూలు మీద పెట్టాడు. పుమ్మెల్ నా చంకలోంచి జారి, ముందుకాళ్లు స్టూలు మీద వేసి నిలబడింది.

"ఛీ! పుమ్మెల్! ఒసేయ్ ఒడీ, నీ కుక్క నా మూడో దశని నాకుతోందే!"

లాగాను. మళ్లీ ఎక్కింది. కళ్లు సగం మూసుకుని, శ్రద్ధగా, ఒక మూల నుంచి మొదలుపెట్టి నాకుతోంది. అన్నయ్య పలకను పైకెత్తాడు. పుమ్మెల్ దాని వంకే చూస్తూ కూర్చుంది. అన్నయ్య కాసేపు కుక్కనీ పలకనీ మార్చి మార్చి చూశాడు. బీరువాలోంచి వేరే పాత పలక ఒకటి తీసి దాని ముక్కు ముందు పెట్టాడు. పుమ్మెల్ వాసన చూసి మొహం తిప్పేసుకుంది. మళ్లీ ట్రూడీని పెట్టాడు. తోకతో సహా వచ్చేసింది.

అప్పుడు మా అన్నయ్య, డాక్టరేటు ఉన్న మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదకు తోసుకుని, కళ్లు మూసుకుని, పలక అంచును నాకాడు.

నాలుక చప్పరించాడు.

"సోంపు," అన్నాడు. ఇంకోసారి నాకి, "లవంగం కూడా."

తల ఎత్తి పెట్టెలో పై అర చూశాడు. ప్రింటెన్లు చెమటలు కక్కుతూ వరసగా పడుకుని ఉన్నాయి. ఒక తీగ చివర సన్నటి పాకం చుక్క వేలాడుతోంది. తర్వాత చేతిలోని గుడ్డను చూశాడు. వారం వారం ఆ చుక్కల్ని శుభ్రంగా, సమానంగా పలక అంతటా పూసింది ఆ గుడ్డే. అయస్కాంతం తప్పేమీ లేదు. పాకంలోనూ నీళ్లే ఉంటాయి. కేక వేస్తే అదీ పలికింది.

"తుడిచేసి ఊరుకో అన్నయ్యా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"పుమ్మెల్‌కి తెలుసు."

"అది ఎవరితోనూ చెప్పదు."

"దాని మొహం చూడు. నవ్వాపుకుంటోంది." నవ్వుతూనే అని, గుడ్డను పక్కకు విసిరేశాడు. "ఆ కంపెనీ ఆయన నా పాకం చూసి, రెక్కలు విప్పుకుంటూ కూర్చుంటాడే. నువ్వు కుక్కని తీసుకుని బయట కూర్చో. దీన్ని సరిగ్గా కడిగి, మళ్లీ కొలవాలి."

మెట్ల మీద కూర్చున్నాం. వాన తగ్గింది, మళ్లీ పెరిగింది. అన్నయ్య బయటికి వచ్చినప్పుడు టై సరిచేసుకుని ఉన్నాడు. మమ్మల్ని చూడకుండానే పై అంతస్తుకు, ప్రొఫెసర్ గదిలోకి వెళ్లాడు. తలుపు మూసుకుంది. లోపల అన్నయ్య గొంతు చాలాసేపు వినిపించింది. తర్వాత కప్పుల చప్పుడు.

కిందికి దిగాక అడిగాను. "ఏమంది?"

"టీ ఇచ్చింది. పటికబెల్లం ముక్క వేసి, మీద మీగడ వేసి. చెంచాతో కలపకూడదట. కలిపితే వాళ్ల ఊళ్లో మనిషి కింద జమ కట్టరట."

"తిట్టలేదా?"

"‘హుమ్’ అంది. రెండుసార్లు."

"తాళం?"

జేబు మీద చెయ్యి వేసి చూపించాడు. "ఉంది."

ఊపిరి పీల్చుకున్నాను. మూడో దశ పోయినా రెండోది మిగిలిందన్నమాట, మంగళవారాలు మిగిలాయి, అనుకున్నాను.

కంపెనీ ఆయన అనుకున్న రోజుకే వచ్చాడు. అందరి ముందూ అన్నయ్య లేచి, తన మూడో దశ ఎలా తయారైందో, ఏ బేకరీలో తయారైందో మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. కుక్క చేసిన ప్రయోగం దగ్గరికి వచ్చేసరికి కుర్రకారు బల్లలు బాదారు. ఆఖర్న ఒక పళ్లెంలో ప్రింటెన్లు పెట్టి, "మూడో దశ నమూనాలు," అని అందరికీ పంచాడు. కంపెనీ ఆయనకు ఎంత నిశ్చింత కలిగిందో, ఒక సంచీ నిండా కట్టించుకుని మరీ వెళ్లాడు. మర్నాటికి తేమపెట్టె తలుపు మీద ప్రొఫెసర్ సంతకంతో ఒక కాగితం వెలిసింది: ఇందులో మిఠాయిలు పెట్టరాదు. ఆవిడ అంత పొడుగు వాక్యం రాయడం అదే మొదటిసారి అని లాబ్‌లో చెప్పుకున్నారు. కుర్రాళ్లు అన్నయ్యను ‘పాకం డాక్టర్’ అని పిలిచేవారు. పైకి విసుక్కునేవాడు. ఎవరైనా మరిచిపోయి మామూలు పేరుతో పిలిస్తే మాత్రం ఒంట్లో బాగాలేదా అని అడిగేవాడు.

తర్వాత కూడా మంగళవారాలు నడుస్తూనే ఉన్నాయి. మోకాళ్లు మొరాయించినా, మంచు పడి బస్సులు ఆగినా, వెళ్లేవాడు. ఒక చలికాలం జారిపడి మణికట్టు బెణికించుకుని, కట్టుతోనే వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ పలకకు కడుపు ఎప్పుడు నిండుతుంది అన్నయ్యా? అది తాగేది చెంచాడు, దానికోసం నువ్వు తడిసేది బిందెడు!"

"దాని సంగతి నీకెందుకే? నా సూప్‌లో ఉప్పు తక్కువైంది, అది చూడు."

ఖననం అయిన తర్వాతి వారం కోటు కోసం లాబ్‌కు వెళ్లాను. మంగళవారం వెళ్లలేకపోయాను, బుధవారం వెళ్లాను. ప్రొఫెసర్ ఓల్ట్‌మాన్స్ గుమ్మందాకా వచ్చి "మొయిన్" అంది. కోటు మడతపెట్టి ఉంచింది. కప్పును కాగితంలో చుట్టి ఇచ్చింది. గదిలో తేమపెట్టె ఇంకా గుర్రుమంటూనే ఉంది.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని నేనే అన్నాను. "ఇక దీన్ని ఆపేయొచ్చు కదండీ. పాపం, ట్రూడీకి కడుపు నిండటం చూడకుండానే మా అన్నయ్య వెళ్లిపోయాడు."

"నిండింది," అందావిడ.

"ఎప్పుడు?"

"పాకం రోజే తెలిసింది. కడిగి కొలిస్తే కొత్తగా ఏమీ లేదు. అప్పటికే తాగడం ఆపేసి చాలాకాలమైంది. ఆ తర్వాతా అంతే."

"అన్నయ్యకు తెలియదా అయితే?"

ఆవిడ పెట్టె తలుపు మీది కాగితం అంచును వేలితో నొక్కి సరిచేసింది.

"ఆయనే చెప్పారు. తాళం నా బల్ల మీద పెట్టి."